కతకరేణువు – జలప్రసాదనము: ఒక పరిశీలన

వేదాంతపాఠము చదివిన విద్యార్థులలో కతకరేణు న్యాయము నెరుగనివారు అరుదు. బురదనీటిలో కలిపిన ఇండుపగింజ పొడి మాలిన్యమును అడుగునకు దించి తానును దానితో దిగిపోవును. అట్లే జ్ఞానము అజ్ఞానమును తొలగించి తానును ఉపశమించును. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన ఆత్మబోధలోని ఈ దృష్టాంతమును వివరించునపుడు అధ్యాపకులు దార్ష్టాంతికముపై విస్తారముగా ముచ్చటించి, దృష్టాంతమును ఒక వాక్యముతో సరిపుచ్చుట పరిపాటి. నీరు ఎట్లు తేరినది, తేరిన నీరు త్రాగదగినదేనా, అడుగునకు చేరిన మడ్డి ఏమైనది అను ప్రశ్నలు తరగతిలో పుట్టవు. పుట్టినను ప్రకృతమునకు సంబంధింపనివని విడువబడును.

ఆ ప్రశ్నలను విడువరాని అవసరము నేడు కలిగినది. జలశుద్ధికి సంబంధించిన ఆధునిక విధానములన్నియు మన ప్రాచీన గ్రంథములలో కలవనెడి మాట సభలలోను వ్యాసములలోను తరచు వినబడుచున్నది. అందుకు సుశ్రుతసంహిత, బృహత్సంహిత ఆధారములుగా చూపబడుచున్నవి. ఆ గ్రంథములలోని ‘ప్రసాదన’ శబ్దమును ‘శుద్ధి’ యని తెనిగించి, ఆ శుద్ధి నేటి జలశుద్ధి కేంద్రములలో జరుగునదేయని పాఠకుడు తలచునట్లు వ్రాయుచున్నారు. ప్రసాదనము శుద్ధి ప్రక్రియలో ఒక భాగము మాత్రమే. ఈ భేదమును సుశ్రుతుడే గుర్తించియున్నాడు. అనువాదములో ఈ భేదము చెరిగిపోయినచో మూలమునకును అన్యాయమే, త్రాగువానికిని ప్రమాదమే.

కతకమును తెలుగున ఇండుపయనియు చిల్లయనియు వ్యవహరింతురు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి స్ట్రిక్నోస్ పొటటోరం అని పేరిడిరి. విషవృక్షమైన ముషిణి కూడ ఈ ప్రజాతిలోనిదే. కాని ఇండుపగింజలో ముషిణిగింజకు గల విషశక్తి లేదు. లాటినునందలి ‘పొటటోరం’ అను పదమునకు ‘త్రాగువారిది’ అని అర్థము. నామకరణమునందే దీని వినియోగము సూచింపబడినది. గింజను తడిరాతిపై గంధమువలె అరగదీసి నీట కలుపుటయో, మట్టికుండ లోపలి గోడకు గింజను రుద్ది అందు నీరు పోయుటయో వాడుక. కొన్ని గడియలకు నీరు తేటపడును. తేరు, తేట, తేరుకొను అను తెలుగు మాటలు ఈ సందర్భమున మిక్కిలి నిక్కచ్చియైనవి. తేర్చిన నీరు వేరు, వడగట్టిన నీరు వేరు, కాచిన నీరు వేరు అని ఇంటి ఇల్లాలు ఎరుగును. పండితుని ‘శుద్ధజలము’ ఈ మూడింటిని ఒకే కుండలో పోయుచున్నది.

మూడు దృష్టాంతములు

కతకమును గూర్చిన ప్రసిద్ధ ప్రస్తావనలు మూడింటిని ఒకచోట చేర్చి చూచిన ఒక విశేషము గోచరించును. మనుస్మృతి ఆరవ అధ్యాయమున, బాహ్యచిహ్నములు ధర్మమునకు కారణములు కావని చెప్పు సందర్భమున, కతకఫలము నీటిని తేర్చునదే యైనను దాని పేరు చెప్పినంత మాత్రమున నీరు తేరదని చెప్పబడినది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రము ద్వితీయాంకమున, మందుడును విద్వాంసుల సాంగత్యమున చురుకుదనము పొందుననుటకు, బురదను ఛేదించు ఫలమును ఒరయుటచే కలకనీరు తేరుటను ఉపమానముగా గ్రహించెను. ఆత్మబోధకారుడు రేణువు తానును అడగిపోవుటను చెప్పెను.

ధర్మశాస్త్రకారుడు ద్రవ్యమును నీటిలో వేయవలెననెను. కవి ఒరయవలెననెను. వేదాంతి అది మాలిన్యముతో కలసి అడుగంటుననెను. నేటి జలశుద్ధి యంత్రశాస్త్రమున ఇవియే ద్రవ్యప్రయోగము, మిశ్రణము, అవక్షేపణము అను మూడు వరుస దశలు. ముగ్గురును తమ తమ ప్రయోజనములకై చెప్పినవే గాని నీటి శాస్త్రము చెప్పుటకు పూనుకొన్నవారు కారు. అయినను ముగ్గురి పరిశీలనయు యథార్థము. ఈ నీరు రోగము కలిగింపదని మాత్రము ముగ్గురిలో ఒక్కరును చెప్పలేదు.

నీరు ఎట్లు తేరును

వరదనీటిలోని ఇసుక తానే దిగును. మిక్కిలి సన్నని బంకమట్టి రేణువులు దిగవు. స్టోక్స్ 1851లో ప్రకటించిన సూత్రము ననుసరించి, నిలకడనీటిలో రేణువు దిగు వేగము దాని వ్యాసము యొక్క వర్గమును బట్టి యుండును. ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు, వ్యాసము గల మట్టిరేణువు ఒక మీటరు లోతు దిగుటకు ఇంచుమించు 13 దినములు పట్టును. అందులో పదవ వంతు వ్యాసము గలదానికి మూడు సంవత్సరములు దాటును. అంతియే కాక, ఈ రేణువుల ఉపరితలమున ఋణవిద్యుదావేశము ఉండుటచే అవి ఒకదానినొకటి వికర్షించుకొనును. దగ్గరకు చేరి ముద్ద కట్టవు. కావున ఎంతకాలము నిలువయుంచినను కొన్ని నదుల నీరు కలకగానే యుండును.

పటిక వేసినపుడు అందలి అల్యూమినియం నీటితో కలిసి ఆ ఆవేశమును అణచి, దూదిపింజలవంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలుగా ఏర్పడును. రేణువులు ఆ పింజలలో చిక్కుకొని బరువెక్కి దిగును. ఇండుపగింజలో ఈ పని చేయునవి దీర్ఘశృంఖలములుగా నుండు బహుశర్కరలు, మాంసకృత్తులు. ఇవి ఒక రేణువునకు మరియొక రేణువునకు వంతెన కట్టి పింజను కూర్చును. సూడాన్ దేశపు పల్లెలలో స్త్రీలు నైలునది నీటిని మునగగింజల పొడితో తేర్చుట ప్రసిద్ధము. మునగలోని మాంసకృత్తు ధనావేశము కలది గనుక మట్టి యొక్క ఋణావేశమును సూటిగా అణచును. కార్యము ఒకటియే, మార్గములు వేరు.

కాళిదాసు ‘ఒరయుట’ యనుట ఇచట గమనింపదగినది. గింజను ముక్కలు చేసి నీట వేసిన ప్రయోజనము స్వల్పము. ఒరసినపుడే అందలి బంకపదార్థము వెలువడి నీటి యంతటను వ్యాపించును. జలశుద్ధి కేంద్రములలో పటికనీటిని మొదట ఒక నిమిషమునకు మించని కాలము మిక్కిలి వేగముగా కలుపుదురు. పిదప 20 మొదలు 30 నిమిషముల వరకు మెల్లగా త్రిప్పుదురు. వేగముగా త్రిప్పుచునే యున్నచో ఏర్పడిన పింజలు చెదరును; అసలే త్రిప్పకున్న రేణువులు ఒకదానినొకటి కలియవు. తరువాత రెండు మొదలు నాలుగు గంటలు నిలుకడ తొట్టెలో ఉంచుదురు. మోతాదు కూడ ఊహతో నిర్ణయింపదగినది కాదు. ఒకే నీటిని ఆరు పాత్రలలో పోసి వేర్వేరు మోతాదులు వేసి ఏది బాగుగా తేరునో చూతురు. దీనినే జార్ పరీక్ష యందురు. మోతాదు మించినచో రేణువులు విపరీతావేశము పొంది తిరిగి విడిపోవుటయు కలదు.

సుశ్రుతుని విభాగము

సుశ్రుతసంహిత సూత్రస్థానము 45వ అధ్యాయము ద్రవద్రవ్యములను వివరించును. అందు కలుషజలమును తేర్చు సాధనములు ఏడు చెప్పబడినవి: కతకము, గోమేదకము, తామరతూటి కణుపు, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి. ఇవి ‘ప్రసాదనములు’. ముత్యమును మణియు నీటిని ఎట్లు తేర్చునో యుక్తికి అందదు. ఆ రెండింటిని సమర్థింపబూనుట అనవసరము.

అదే అధ్యాయమున ‘వ్యాపన్న’ జలమునకు, అనగా చెడిన నీటికి, చేయవలసిన క్రియలు వేరుగా చెప్పబడినవి. నిప్పుపై కాచుట, ఎండలో కాగనిచ్చుట, కాల్చిన ఇనుపముద్దను ఇసుకను మట్టిగడ్డను అందు చల్లార్చుట, ప్రసాదనము చేయుట, పొన్న సంపెంగ మొదలగు పూవులతో వాసన కట్టుట అను క్రియలు అందు కలవు. ప్రసాదనము ఇచట పెక్కింటిలో ఒకటి మాత్రమే. ప్రసాదనమే శుద్ధియైనచో కాచుటను మరల చెప్పనక్కరలేదు. కలుషత్వము ఒకటి, వ్యాపత్తి మరియొకటి అనుట గ్రంథకర్త హృదయము.

కొందరు ఈ వాక్యములోని ఇసుకను చూచి, సుశ్రుతుడు ఇసుక వడపోతను చెప్పెనని వ్రాసిరి. ఇది సమాసమును సరిగా విడదీయకపోవుటచే కలిగిన పొరపాటు. ‘తప్త’ అను విశేషణము ఇనుపముద్దకు మాత్రమే గాక ఇసుకకును గడ్డకును అన్వయించును. ‘నిర్వాపణ’ మనగా చల్లార్చుట. చల్లని ఇసుకను చల్లార్చుట యనునది పొసగదు. కావున అది వడపోత కాదు, వేడిని నీటికి చేర్చు ఉపాయము. ఆ ఉపాయము యొక్క బలమును లెక్కించి చూడవచ్చును. 600 డిగ్రీల వరకు ఎర్రగా కాల్చిన ఒక కిలో ఇనుపగుండు 10 లీటర్ల నీటి వేడిని 10 డిగ్రీలైనను పెంపజాలదు. సూక్ష్మజీవులు చచ్చునంత వేడి కావలెనన్న చిన్నపాత్రలో పలుమార్లు చల్లార్చవలెను. నిప్పుపై కాచుటను సుశ్రుతుడు మొదట పేర్కొనుట సముచితముగనే యున్నది.

ఎండలో ఉంచుట కూడ తేలికగా త్రోసివేయదగినది కాదు. పారదర్శకమైన సీసాలలో నీరు నింపి ఆరుగంటలు తీవ్రమైన ఎండలో ఉంచినచో అతినీలలోహిత కిరణములును వేడియు కలిసి సూక్ష్మజీవులను చాలవరకు చంపునని ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో జరిగిన పరిశోధనలు నిరూపించినవి. అయితే నీరు కలకగానున్నచో కిరణములు లోనికి చొరవు. అనగా ముందు తేర్చి, పిదప ఎండకు పెట్టవలెను. ప్రసాదనము యొక్క నిజమైన స్థానము ఇదియే: అది శుద్ధికి పూర్వాంగము. నేటి కేంద్రములలో క్లోరిన్ కలుపుటకు ముందు నీటిని తేర్చుటకును ఇదే కారణము. మట్టిరేణువుల మరుగున దాగిన సూక్ష్మజీవులను క్లోరిన్ చేరజాలదు. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన త్రాగునీటి ప్రమాణము కలకదనమునకు ఒక యూనిట్ పరిమితిని విధించి, వేరొక నీటివనరు లేనిచోట 5 వరకు అనుమతించినది. మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లిగ్రాములకు తగ్గరాదనియు, 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ. కోలి అను మలసూచక సూక్ష్మజీవి అసలే కనబడరాదనియు విధించినది.

తేటనీటి మోసము

తేటదనము క్షేమమునకు గుర్తు కాదని లోకము తెలిసికొనుటకు వేలకొలది ప్రాణములు పోవలసి వచ్చినది. 1854లో లండను నగరమున బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టుప్రక్కల కలరా వ్యాపించినపుడు వైద్యుడైన జాన్ స్నో ఆ నీటిని పరిశీలించెను. అందు కనబడిన మాలిన్యము స్వల్పమే యగుటచే ఆయన మొదట సంశయించెను. ఆ పంపు నీటి రుచి మరిగి, దూరముననున్న హాంప్‌స్టెడ్‌నకు తెప్పించుకొని త్రాగిన ఒక వృద్ధురాలు ఆ ప్రాంతమున వేరెవరికిని కలరా లేకుండగనే మరణించుట ఆయన వాదమునకు బలమైన సాక్ష్యమాయెను.

1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరమున కలరా 8,600 మందికి పైగా బలిగొన్నది. దానికి ఆనుకొనియున్న ఆల్టోనా పట్టణము ఎల్బే నదీజలమునే వాడినది. అదియు హాంబర్గ్ మురుగు కలిసిన తరువాతి దిగువ నీటినే. అయినను ఆల్టోనాలో మరణములు స్వల్పము. హాంబర్గ్ వడపోత లేకయే నీటిని సరఫరా చేసెను. ఆల్టోనా ఇసుక పడకల ద్వారా మెల్లగా వడగట్టెను. రెండు పట్టణముల సరిహద్దు వీధిలో ఒక ప్రక్క రోగము, ఎదుటి ప్రక్క ఆరోగ్యము కనబడెను. లండనులో జేమ్స్ సింప్సన్ 1829లో నెలకొల్పిన ఈ మందగతి ఇసుక వడపోత నీటిని తేర్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. ఇసుక పైభాగమున తానుగా ఏర్పడు జిగురువంటి జీవపొర సూక్ష్మజీవులను పట్టి భక్షించునని నిర్మించినవారికి తెలియదు. గంటకు 10 మొదలు 20 సెంటీమీటర్లకు మించని నడకతో నీరు ఆ పొర గుండ దిగవలెను. తొందరపెట్టిన ఫలము లేదు.

సుశ్రుతుని ఏడు ప్రసాదనములలో వస్త్రము ఒకటి యుండుట ఇచట స్మరింపదగినది. పాత చీరను నాలుగు మడతలకు తగ్గకుండ వేసి నీటిని వడగట్టిన బంగ్లాదేశ్ గ్రామములలో కలరా ఇంచుమించు సగము తగ్గినదని 2003లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము తేల్చినది. కలరా సూక్ష్మజీవి బట్ట కన్నములకన్న ఎంతో చిన్నది. కాని అది నీటిలోని సూక్ష్మజలచరముల దేహములనంటియుండును. ఆ జలచరములు బట్టలో చిక్కును. ప్రసాదనము రోగమునకు అసలే విరుద్ధము కాదని చెప్పుటయు, ఇట్లు, అతివాదమే యగును. సగము తగ్గుట గొప్పయే; మిగిలిన సగము మాటయేమి అనునది వేరు ప్రశ్న. కతకమును గూర్చియు ఇట్లే చెప్పవలెను. పింజలతోపాటు సూక్ష్మజీవులలో కొంతభాగము అడుగునకు దిగును, చావదు; గింజ నుండి నీటిలో మిగిలిన సేంద్రియపదార్థము నిలువనీటిలో వాటికి ఆహారము కూడ కాగలదు. కావున ఇండుపతో తేర్చిన నీటిని కాచకుండ మరునాటికి దాచుట మంచిది కాదు.

వీర్యవిపాక దోషములు – నల్లగొండ

సుశ్రుతుడు చెడిన నీటికి ఆరు దోషములు చెప్పెను: స్పర్శ, రూప, రస, గంధ, వీర్య, విపాక దోషములు. మొదటి నాలుగు ఇంద్రియగోచరములు. చివరి రెండును త్రాగినపిదప దేహమున కనబడు ఫలమును బట్టి మాత్రమే తెలియదగినవి. దప్పి, బరువు, శూల మొదలగువానిని కలిగించుట వీర్యదోషము. ఆలస్యముగా జీర్ణమగుట, స్తంభింపజేయుట విపాకదోషము. కంటికి నాలుకకు దొరకని దోషము నీటియందుండగలదను అంగీకారము ఈ విభాగమున కలదు. ఈ అధ్యాయమంతటిలో ఇది మిక్కిలి విలువైన మాట. వ్యాసకర్తలు తరచు దీనిని విడిచి కతకమునే పట్టుకొనుట చింత్యము.

దీనికి తెలుగునేలపై కన్న స్పష్టమైన ఉదాహరణము దొరకదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు, దంతములు చెడు రోగము భారతదేశమున మొదట గుర్తింపబడినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, 1937లో. పిదప నల్లగొండ జిల్లా ఈ రోగమునకు పేరుపడినది. ఆ బావుల నీరు స్ఫటికమువలె స్వచ్ఛము. వాసన లేదు, రంగు లేదు. కతకమునకు అందు చేయవలసిన పనియే లేదు. కాని లీటరుకు ఒకటిన్నర మిల్లిగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లపై గోధుమచారలు ఏర్పడును. మోతాదు ఇంకను హెచ్చైనచోట వెన్నెముక, కీళ్లు బిగిసి నడుము వంగును. స్తంభింపజేయుట యను మాటకు సుశ్రుతుడు ఉద్దేశించిన అర్థము జఠరమునకు సంబంధించినది. ఎముకలకు దానిని అన్వయించుట మూలమును లాగుటయే. దోషము ఫలానుమేయమను సూత్రము మాత్రము అక్షరాల సరిపోవును.

నాగపూరులోని జాతీయ పర్యావరణ యంత్రశాస్త్ర పరిశోధనాసంస్థ 1970 దశకమున ఈ నీటికై ఒక విధానమును రూపొందించి దానికి ‘నల్లగొండ విధానము’ అని పేరుపెట్టెను. సున్నము, బ్లీచింగ్ పొడి, పటిక వరుసగా కలిపి, మెల్లగా త్రిప్పి, నిలువయుంచి, వడగట్టుదురు. కతకరేణువు చేసిన పనియే పటిక ఇచట చేయుచున్నది. అయితే మట్టికి బదులు కరిగియున్న ఫ్లోరైడును పింజలకు పట్టించి దించును. పటిక మోతాదు సామాన్యమైన తేర్పునకు కావలసిన దానికన్న ఎన్నో రెట్లు అధికము. నీటిలోని క్షారత్వమును బట్టి మోతాదు మారును. కొలత తప్పినచో అల్యూమినియం నీటిలోనే మిగులును. అడుగున మిగులు మడ్డి ఫ్లోరైడుతో నిండియుండును గనుక దానిని పెరటిలో పారబోయరాదు. పల్లెలలో ఈ విధానము నిలువలేకపోవుటకు కారణము దినదినము కొలిచి కలుపవలసిన శ్రద్ధయే. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము వేరొక మార్గమును అనుసరించినది: దోషమును నీటినుండి తీయుటకు బదులు, ఆ నీటిని విడిచి కృష్ణా గోదావరీ జలములను శుద్ధిచేసి గొట్టములద్వారా తెచ్చుట.

లవణజలము: ఇరువురి మాట

వరాహమిహిరుని బృహత్సంహిత దకార్గలాధ్యాయపు చివరిభాగమున బావినీటికి ఒక యోగము చెప్పబడినది. అంజనము, తుంగముస్తలు, వట్టివేళ్లు, రాజకోశాతకము, ఉసిరిక, కతకఫలము చూర్ణముచేసి బావిలో వేయవలెను. కలకనీరు, కారపునీరు, ఉప్పునీరు, రుచిలేని నీరు, దుర్గంధపు నీరు దీనితో నిర్మలము, సురసము, సుగంధము అగునని ఫలశ్రుతి. ఇచట ‘వా’ నిపాతమునకు పిమ్మట అకారమును గుర్తించి ‘అశుభగంధి’ యని విడదీయవలెను. ‘శుభగంధి’ యని విడదీసిన మంచివాసనగల నీటికి చికిత్స చెప్పినట్లగును. ఉసిరిక, వట్టివేరు రుచిని వాసనను మార్చుట, కతకము కలకను దించుట సంభావ్యములే. ఉప్పును పోగొట్టుట మాత్రము అసాధ్యము. ఉప్పు కరిగినది, పింజలకు అంటదు. ఉసిరిక రుచి దానిని కొంత కప్పియుండవచ్చును. ఉప్పు నీటిలోనే యుండును. స్వేదనముననో, 1960 దశకము నుండి ప్రచారమునకు వచ్చిన పొరల ద్వారా పీడనముతో వడగట్టు విధానముననో తప్ప అది విడదు.

ఈ విషయమున కవిపండితుని కన్న చెరువు కట్టించినవారి మాట నమ్మదగినదిగా నున్నది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము శకము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగరపు బుక్కరాయని కుమారుడైన భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఈ తటాకమును నిర్మింపజేసెను. సంస్కృతమున రచింపబడిన ఈ శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట, ఆయకట్టునకు నీరు చాలకపోవుట మొదలగు దోషములలో చవుడునేల ఒకటి. అంగములలో మధురజలము గల నది ఒకటి. ఉప్పు చేరిన పిదప చికిత్స వెదకుట కాదు, ఉప్పు లేని చోటును ముందుగా ఎన్నుకొనుట వారి పద్ధతి. జలశాస్త్రజ్ఞుడు ఉండుట కూడ అంగములలో చెప్పబడినది. నేటి యంత్రశాస్త్రజ్ఞులును శుద్ధిచేయుటకన్న మంచి నీటివనరును ఎన్నుకొనుటయే మేలని భావింతురు. ప్రాచీనజలశాస్త్రమును ప్రశంసింపదలచినవారు కతకమునకు మారుగా ఈ శాసనమును చూపుట న్యాయముగా నుండును.

నశించినది ఎచటికి పోయినది

మరల ఆత్మబోధ దృష్టాంతమునకు వత్తము. రేణువు ‘నశించు’నని అందు కలదు. నీటిని తేర్చిన పొడి నిజముగా నశింపదు; కుండ అడుగున మడ్డిగా ఉండును. దృష్టాంతము తప్పా? కాదు. ధాతుపాఠమున నశ ధాతువునకు చెప్పబడిన అర్థము అదర్శనము. లోపమనగా అదర్శనమేయని పాణిని నిర్వచించుట వైయాకరణులు ఎరిగినదే. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. కతకరేణువు నీటిపైభాగమున కనబడదు, అంతియే. ‘నాశము’ అను మాటను నేటి తెలుగు అర్థముతో చదివినవారికి దృష్టాంతము అసత్యముగా తోచును. ధాత్వర్థముతో చదివినవారికి ప్రత్యక్షానుభవముగా నిలుచును. వేదాంతమున జ్ఞానవృత్తి విషయమున ఈ అర్థము ఎంతవరకు సరిపోవునో ఆ శాస్త్రజ్ఞులు విచారింపవలసినది.

నగరముల జలవ్యవస్థ చరిత్ర అంతయు ఈ అదర్శనముతో ముడిపడియున్నది. అర్థశాస్త్రము వీధిలో బురదనీరు నిలుపువానికి పావు పణము దండనము విధించినది. నీరు కంటికి దూరముగా సాగిపోవలెనని దాని తాత్పర్యము. సాగిన నీరు ఏమగునో అందు లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలననుసరించి నది ఎగువన జలాశయములు తలపెట్టబడినవి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. వరదనుండి రక్షణ, త్రాగునీరు రెండును సిద్ధించినవి. కాని నగరమునకు వచ్చిన నీటిలో అధికభాగము వాడుక పిదప మురుగై నగరము దిగువన అదే మూసీలో చేరును. ఎగువన కట్టి తెచ్చుకొన్న నీరే దిగువ పల్లెల పొలములకు నల్లగా పారుటను ఆ పల్లెలవారు దశాబ్దములుగా చూచుచున్నారు.

మురుగునీటి శుద్ధిలో కతకదృష్టాంతము తలక్రిందులగును. 1914లో ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు ఇంగ్లండులోని మాంచెస్టరున మురుగునీటికి గాలి పట్టించి ప్రయోగములు చేసిరి. అంతకుముందు గాలి పట్టించినవారు అడుగున దిగిన మడ్డిని పారబోసి క్రొత్త మురుగును పోసెడివారు. వీరు మడ్డిని పారవేయక ఉంచి, దానిపైననే క్రొత్త మురుగును పోసిరి. మొదట వారములు పట్టిన శుద్ధి క్రమముగా కొన్ని గంటలలో జరుగజొచ్చెను. మడ్డి అంతయు జీవించియున్న సూక్ష్మజీవుల సముదాయము. అవి మురుగును భక్షించి, తామే పింజలుగా కూడి దిగును. ఇచట తేర్చునది, దిగునది, మరల పని చేయునది ఒకటే. కార్యము ముగిసిన పిదప రేణువును విడువవలెనని వేదాంతి చెప్పగా, దానిని విడువకుండుటయే ఈ విధానమునకు ప్రాణము. హైదరాబాదు అంబరుపేటలో దినమునకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యముతో నెలకొన్న కేంద్రమున మురుగు అడుగునుండి పైకి మడ్డిపొర గుండ నడుపబడును. గాలి అవసరము లేని సూక్ష్మజీవులు దానిని జీర్ణింపజేసి మండెడి వాయువును విడుచును. అయినను మడ్డి పెరుగుచునే యుండును. మిగులు మడ్డిని తీసి, నీరు పిండి, ఎండబెట్టి ఎచటికో తరలింపవలెను; ఆ ‘ఎచటికో’ అనునది నేటి నగరముల కన్నిటికిని తీరని చిక్కు.

ఆత్మబోధకు తెలుగు తాత్పర్యము వ్రాయువారు ఈ దృష్టాంతమున ‘నశించునట్లు’ అనుటకు మారుగా ‘అడుగంటి కనబడకుండునట్లు’ అని వ్రాసినచో మూలమునకు మరింత చేరువగును. సుశ్రుతుని తెనిగించువారు ప్రసాదనమునకు ‘తేర్చుట’ యనియు, వ్యాపన్నజలచికిత్సకు ‘దోషనివారణము’ అనియు వేరు మాటలు వాడవలెను. రెండు మాటలును తెలుగున సిద్ధముగానే యున్నవి.